ట్రయంఫ్ స్టాగ్: గుండె మార్చుకున్న కారు కథ



హోసూరు, కృష్ణగిరి, బళ్ళారి ప్రాంతాల్లోనూ, చెన్నపట్నం పరిసరాల్లోనూ ఉండే మన తెలుగువారిలో అరవై దాటిన వారికి స్టాండర్డ్ హెరాల్డ్ కారు గుర్తుండే ఉంటుంది. అంబాసిడరు పక్కన నిలబెడితే సన్నగా, నాజూకుగా కనిపించే కారు అది. బానెట్టు మడ్‌గార్డులతో సహా ఒక్కసారిగా ముందుకు తెరుచుకునేది. మెకానిక్కు చక్రం పక్కన కూర్చుని తీరికగా ఇంజను పని చేసుకోవచ్చు. 1961 నుంచి మద్రాసు శివార్లలో వండలూరు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు దాన్ని తయారు చేశారు. ఇంగ్లండులో దాని పేరు ట్రయంఫ్ హెరాల్డ్. ఆ కారుకు రూపం ఇచ్చినవాడు జొవాన్ని మికెలొట్టి. ఇటలీలోని టూరిన్ నగరంలో పని చేసిన శిల్పి ఆయన.

అదే మికెలొట్టి చేతుల మీదుగా, అదే ట్రయంఫ్ కంపెనీ నుంచి 1970లో మరో కారు వచ్చింది. దాని పేరు స్టాగ్, అంటే కొమ్ముల దుప్పి. నలుగురు కూర్చోగల స్పోర్ట్స్ కారు. రూపంలో దానికి వంక పెట్టినవారు లేరు. ఇంజను విషయంలో మాత్రం మోటారు చరిత్రలో దానంత చెడ్డపేరు తెచ్చుకున్న కార్లు తక్కువ. వేలకొద్దీ యజమానులు నడిరోడ్డు మీద ఆవిర్లు కక్కుతున్న బానెట్టు ముందు నిలబడి ఒకే ప్రశ్న వేసుకున్నారు: ఉన్న ఇంజన్ను బాగుచేయించాలా, తీసి పారేసి వేరే ఇంజను పెట్టించాలా?

ఈ ప్రశ్న చుట్టూ నడిచిన చరిత్రను ఈ ప్రసంగంలో చెప్పుకుందాం. స్పోర్ట్స్ కార్లు కొనే స్తోమత మనలో ఎందరికి ఉంది అనుకోకండి. ట్రాక్టరు ఉన్నవారికీ, లారీ ఉన్నవారికీ, పాత జీపు ఉన్నవారికీ ఇంజను సీజయిన రోజున ఎదురయ్యే ప్రశ్న ఇదే.

ముందు ఈ కారు పుట్టుక సంగతి చూద్దాం. 1960ల నడుమ మికెలొట్టి ట్రయంఫ్ కంపెనీలో ఇంజనీరింగు అధిపతి అయిన హ్యారీ వెబ్‌స్టర్‌ను ఒక కోరిక కోరాడు. వాడి పక్కన పెట్టిన ట్రయంఫ్ 2000 కారు ఒకటి ఇస్తే, దాన్ని ప్రదర్శనల కోసం ఒక అందమైన ఓపెన్ కారుగా మలుస్తానన్నాడు. వెబ్‌స్టర్ ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టాడు. తయారైన కారు తనకు నచ్చితే అది కంపెనీకే చెందాలి. కారు తయారైంది, వెబ్‌స్టర్ చూశాడు, నచ్చింది. ప్రదర్శన సంగతి పక్కకు పోయి, ఆ నమూనా కోవెంట్రీకి చేరింది.

పైకప్పు కోసేసిన కారుకు ఒక ఇబ్బంది ఉంటుంది. డబ్బాకు మూత తీస్తే డబ్బా ఎలా మెలి తిరుగుతుందో, కప్పు లేని కారు కూడా గుంతల రోడ్డు మీద అలా మెలి తిరుగుతుంది. ఆ వణుకు ఆపటానికి నడినెత్తిన ఒక బలమైన కమాను వేసి, దాన్ని ముందు అద్దం చట్రానికి ఇంకొక దూలంతో కలిపారు. పైనుంచి చూస్తే ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది. స్టాగ్‌ను ఇప్పటికీ దూరం నుంచే గుర్తుపట్టించే ఆనవాలు అదే. 1971లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లో కూడా ఈ కారు కనిపిస్తుంది. జర్మన్లు బెంజ్ స్పోర్ట్స్ కార్లతో అమెరికాలో డబ్బు చేసుకుంటున్న కాలం అది. వాటికి చవకైన పోటీగా స్టాగ్‌ను నిలబెట్టాలన్నది ట్రయంఫ్ వారి ఆశ.

ఇక ఇంజను. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

ట్రయంఫ్ వారు అప్పటికే ఒక కొత్త ఇంజను కుటుంబాన్ని తయారు చేసుకుంటున్నారు. నాలుగు సిలిండర్ల ఇంజన్ను 45 డిగ్రీలు పక్కకు వాల్చి రూపొందించారు. అటువంటి వాలు వరసలు రెండింటిని ఒకే క్రాంకు మీద ఎదురెదురుగా కూర్చితే ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజను అవుతుంది. ఒకే యంత్ర సామగ్రితో రెండు రకాల ఇంజన్లు తయారవుతాయి, ఖర్చు కలిసి వస్తుంది. ఆలోచన మంచిదే. నాలుగు సిలిండర్ల ఇంజను ముందుగా స్వీడను దేశపు సాబ్ 99 కారుకు వెళ్ళింది. వి-8 స్టాగ్‌కు కేటాయించారు. మొదట దాన్ని రెండున్నర లీటర్లుగా అనుకున్నారు. 1968లో వెబ్‌స్టర్ స్థానంలోకి స్పెన్ కింగ్ వచ్చాడు. బలం చాలదని ఇంజన్ను మూడు లీటర్లకు, కచ్చితంగా చెప్పాలంటే 2,997 సి.సి.కి, పెంచారు. శక్తి 145 గుర్రాలు. దిమ్మ పోత ఇనుము, పైన ఉండే హెడ్లు అల్యూమినియం.

అదే సమయంలో ఇంటి పెరట్లోనే మరో వి-8 ఇంజను ఉంది. ట్రయంఫ్ అప్పటికే లేలండ్ సంస్థ చేతిలో ఉంది. 1967లో రోవర్ కంపెనీ కూడా లేలండ్‌లో కలిసింది. 1968లో ఇంకా కొన్ని కంపెనీలు కలిసి బ్రిటిష్ లేలండ్ అనే పెద్ద ఉమ్మడి కుటుంబం ఏర్పడింది. రోవర్ వారి దగ్గర 3,528 సి.సి. వి-8 ఇంజను సిద్ధంగా ఉంది. మొత్తం అల్యూమినియం, తేలిక, అప్పటికే రోడ్డు మీద నడుస్తున్నది. దాన్ని స్టాగ్‌లో ఎందుకు పెట్టలేదు? అది ఈ కారులో పట్టదని ట్రయంఫ్ వైపు నుంచి వినిపించిన మాట. రోవర్ ఫ్యాక్టరీ అన్ని ఇంజన్లు తయారు చేయలేదన్నది మరో మాట. సొంత ఇంజను మీద అప్పటికే ఖర్చు పెట్టి ఉన్నారు, సొంత ఇంజను అనే అభిమానమూ ఉంది. ఉమ్మడి కుటుంబంలో తోడికోడళ్ళు ఎవరి పొయ్యి వారే వెలిగించుకున్నట్టు, ఒకే సంస్థ కప్పు కింద రెండు వి-8 ఇంజన్లు వేరువేరుగా తయారయ్యాయి.

ఆ రోవర్ ఇంజనుకు కూడా ఒక గతం ఉంది. అది తెలిస్తేనే ఈ కథలో నీతి బోధపడుతుంది. అది రోవర్ వారి కన్నబిడ్డ కాదు, పెంపుడు బిడ్డ. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1961లో బ్యూక్ కార్ల కోసం దాన్ని తెచ్చారు. అల్యూమినియం దిమ్మలు పోయటం వారికి కష్టమైంది. పోతలో సన్నని రంధ్రాలు మిగిలిపోయి, పని దాదాపు పూర్తయిన తరువాత దిమ్మ కారుతున్నదని తేలి పారేయవలసి వచ్చేది. అల్యూమినియానికి సరిపడని రసాయనాలు రేడియేటరు నీళ్ళలో కలిపినప్పుడు రేడియేటర్లు పూడుకుపోయేవి. విసిగిపోయిన కంపెనీ 1963 తరువాత దాన్ని వదిలేసింది. రోవర్ వారి అమెరికా వ్యాపారం చూసే బ్రూస్ మెక్‌విలియమ్స్, విస్కాన్సిన్ రాష్ట్రంలో పడవ ఇంజన్లు తయారు చేసే మెర్క్యురీ కంపెనీకి వేరే పని మీద వెళ్ళినప్పుడు ఈ ఇంజను ఆయన కంట పడిందని చెబుతారు. 1965లో రోవర్ దాని తయారీ హక్కులు తీసుకుంది. పోత విధానం మార్చి, దిమ్మను ఇసుక అచ్చులో పోసి, ఇనుప లైనర్లను విడిగా దిగ్గొట్టింది. బ్యూక్ కంపెనీలో పదవీ విరమణకు దగ్గరపడిన ఇంజనీరు జో టర్లీని పిలిపించి సలహా తీసుకుంది. అమెరికాలో పనికిరాదన్న ఇంజను ఇంగ్లండులో నలభై ఏళ్ళ వరకు తయారైంది. 1970లో వచ్చిన రేంజ్ రోవరుకు ప్రాణం పోసినదీ అదే.

ఇప్పుడు స్టాగ్ దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆ ఇంజన్లు ఎందుకు పోయాయి? షెడ్డులో మెకానిక్కు చెప్పినట్టుగా ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది పోత లోపం. ఇంజను దిమ్మలో నీళ్ళు తిరిగే దారులు ఉంటాయి. ఇసుక అచ్చులు పెట్టి పోత పోసి, చల్లారిన తరువాత ఆ ఇసుకను పూర్తిగా దులిపేయాలి. 1970లలో బ్రిటిష్ లేలండ్ ఫ్యాక్టరీలలో సమ్మెలు, తగాదాలు, తనిఖీ లోపాలు మామూలు. చాలా దిమ్మల్లో ఇసుక, పోత రజను అలాగే మిగిలిపోయాయి. అవి నీళ్ళతో పాటు తిరిగి రేడియేటరులో సన్నని గొట్టాలను మూసేశాయి.

రెండోది నీళ్ళ పంపు ఉన్న చోటు. మామూలుగా పంపు ఇంజను ముందు భాగాన కిందుగా ఉంటుంది. స్టాగ్‌లో దాన్ని రెండు సిలిండరు వరసల నడుమ, పైన కూర్చారు. మన పొలాల్లో మోటారు పంపు ఉన్నవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. నీటిమట్టం పంపు కిందికి పోతే పంపు గాలి పీలుస్తుంది, నీరు ఎత్తదు. ట్రాఫిక్కులో కారు కొంచెం వేడెక్కి కొన్ని నీళ్ళు బయటికి పోయాయనుకోండి. చల్లారిన తరువాత మిగిలిన నీరు పంపు మట్టానికి అందేది కాదు. మరుసటి ప్రయాణంలో పంపు ఉత్తినే తిరిగేది. అప్పుడు వేడి ముల్లు చూసి కారు ఆపేలోపు జరగవలసిన నష్టం జరిగిపోయేది.

మూడోది ఇనుము, అల్యూమినియం కలయిక. ఈ రెండు లోహాలు నీళ్ళలో కలిసి ఉంటే బ్యాటరీలో జరిగినట్టే రసాయన చర్య జరుగుతుంది, అల్యూమినియం తినేయబడుతుంది. దాన్ని ఆపటానికి తుప్పును నిరోధించే మందు కలిసిన కూలెంటు ఏడాది పొడుగునా ఉండాలి. ఆ రోజుల్లో ఇంగ్లండులో చాలామందికి చలికాలంలో నీళ్ళు గడ్డ కట్టకుండా మాత్రమే ఆ మందు పోయటం అలవాటు. వేసవి రాగానే దాన్ని వదిలేసి కుళాయి నీళ్ళు పోసేవారు. ఇనుప ఇంజన్లకు అది చెల్లింది, స్టాగ్‌కు చెల్లలేదు.

నాలుగోది హెడ్డు బిగింపు. హెడ్డును పట్టి ఉంచే బోల్టులు ఒక వరస ఒక కోణంలో, స్టడ్లు మరో వరస ఇంకో కోణంలో ఏటవాలుగా ఉంటాయి. హెడ్డును ముందే పూర్తిగా కూర్చి తెచ్చి ఇంజను మీద బిగించటానికి ఫ్యాక్టరీ వారికి ఇది అనుకూలం. వాడేవారికి మాత్రం ప్రతికూలం. వేడికి హెడ్డు వ్యాకోచించినప్పుడు రెండు వైపులకు లాగుడు పడి గ్యాస్కెట్టు మీద భారం పెరిగేది. ఇనుప స్టడ్డు అల్యూమినియం హెడ్డులో తుప్పు పట్టి బిగుసుకుపోతే హెడ్డు ఊడదీయటమే ఒక యుద్ధం. ఊడదీసే ప్రయత్నంలో పగిలిన హెడ్లు ఎన్నో.

ఐదోది టైమింగు చెయిను. పొడవైన ఒంటి వరస చెయిన్లు వాడారు. సుమారు 25,000 మైళ్ళు, అంటే 40,000 కిలోమీటర్లు తిరిగేసరికి అవి సాగిపోయేవి. ఇంజనులో గలగలమని చప్పుడు వస్తే అది హెచ్చరిక. పట్టించుకోకపోతే చెయిను పళ్ళు దాటుతుంది, లేదా తెగుతుంది. అప్పుడు వాల్వులు వెళ్ళి పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఆ తరువాత మిగిలేది పాత ఇనుప సామాను లెక్కే.

తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, డిజైను చేసినవారు కొంత, పోత పోసినవారు కొంత, అమ్మినవారు కొంత, వాడినవారు కొంత ఈ పాపాన్ని పంచుకున్నారు. అసలు బరువు మోసినవాడు మాత్రం కారు కొన్నవాడు. అమెరికాలో 1973తోనే అమ్మకాలు ఆగిపోయాయి. ఏ దేశం కోసం కారును తలపెట్టారో ఆ దేశమే దాన్ని వద్దంది. 1977లో తయారీ నిలిచిపోయేసరికి మొత్తం తయారైనవి దాదాపు 26,000 మాత్రమే. పేరు మాత్రం చాలా కాలం వెంటాడింది. 2007లో అమెరికా పత్రిక ‘టైమ్’ ప్రపంచంలోని యాభై చెత్త కార్ల జాబితా వేస్తే అందులో స్టాగ్‌కు చోటు దక్కింది.

ఇటువంటి కారు చేతిలో ఉన్నవాడికి అప్పుడు ఏయే దారులు ఉన్నాయి? నాలుగు దారులు.

మొదటి దారి, పాడైన ఇంజన్నే పూర్తిగా విప్పి మళ్ళీ కట్టించటం. రెండో దారి, రోవర్ వి-8 ఇంజను. మూడో దారి, ఫోర్డ్ కంపెనీ వారి మూడు లీటర్ల ఎసెక్స్ వి-6 ఇంజను. నాలుగో దారి, ట్రయంఫ్ వారి రెండున్నర లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను. ఈ చివరిది వినటానికి చిన్నదారిలా ఉన్నా న్యాయమైనది. స్టాగ్ పుట్టింది ట్రయంఫ్ 2000 కారు నుంచి కాబట్టి, ఆ కుటుంబపు ఆరు సిలిండర్ల ఇంజను దానికి అన్యం కాదు. వేగం తగ్గుతుంది, నిద్ర పడుతుంది.

ఎక్కువమంది మనసు మాత్రం రోవర్ ఇంజను మీదకే పోయింది. పాత సామాను కొట్లలో అది సులభంగా దొరికేది. పైగా అది స్పోర్ట్స్ కార్లలో బాగా నడుస్తుందని అప్పటికే రుజువైంది. 1968లో మోర్గన్ కంపెనీ తన ప్లస్ 8 కారులో ఆ ఇంజన్నే పెట్టింది. కెన్ కాస్టెల్లో అనే పందెం కార్ల డ్రైవరు ఎంజీబీ కార్లలో ఆ ఇంజన్ను బిగించి సొంతంగా అమ్మటం మొదలుపెడితే, అది చూసి కంపెనీయే 1973లో ఎంజీబీ జీటీ వి-8 అనే కారును విడుదల చేసింది. ఇక స్టాగ్ యజమానులు ఊరుకుంటారా? కంపెనీ పట్టదన్న చోటనే ఆ ఇంజను పట్టిస్తామని స్థానిక షెడ్లలో పని మొదలైంది. పట్టింది కూడా.

అయితే ఇంజను మార్పిడి అంటే పాతది దించి కొత్తది ఎక్కించటం అంత తేలిక కాదు. ఇంజను కూర్చునే దిమ్మెలు వేరు, వాటిని కొత్తగా వెల్డింగు చేయాలి. గేరుబాక్సుకూ ఇంజనుకూ నడుమ కప్లింగు కుదరాలి. సైలెన్సరు గొట్టాలు స్టీరింగు కడ్డీకి తగలకుండా తిప్పాలి. రేడియేటరు గొట్టాలు, వైరింగు, యాక్సిలరేటరు తీగ, చివరికి వేడి ముల్లు కూడా మార్చాలి. రోవర్ ఇంజను పూర్తిగా అల్యూమినియం కాబట్టి బరువు తక్కువ. దాంతో కారు ముక్కు పైకి లేస్తుంది, ముందు స్ప్రింగులు మార్చాలి. ఇవన్నీ శ్రద్ధగా చేసిన చోట కారు హాయిగా నడిచింది. తొందరగా, చవకగా చేసిన చోట ఇంజను జబ్బు పోయి పది కొత్త జబ్బులు వచ్చాయి. రోవర్ ఇంజను కూడా నిష్కళంకం కాదు. నూనె వేళకు మార్చకపోతే దాని క్యామ్‌షాఫ్టు అరిగిపోతుంది. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత మెకానిక్కు షెడ్డులో కూడా వర్తిస్తుంది.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో ఇంజను మార్పిడి లేకపోతే చాలా స్టాగ్‌లు తుక్కు అయిపోయేవి. కొత్త గుండె వాటిని బతికించింది.

కథ అక్కడితో ఆగిపోతే అసలు ఇంజను పనికిరానిదన్న తీర్పు ఖాయమయ్యేది. 1979లో యజమానులంతా కలిసి స్టాగ్ ఓనర్స్ క్లబ్ పెట్టుకున్నారు. ఎవరి ఇంజను ఎలా పోయిందో ఒకరికొకరు చెప్పుకున్నారు. విడివిడిగా దురదృష్టం అనుకున్నది ఒకచోట చేర్చి చూస్తే రోగ లక్షణం అయింది. నిపుణులు దిమ్మలను తెరిచి నీటి దారుల్లో మిగిలిన ఇసుకను శుభ్రంగా తీసేశారు. రేడియేటర్లను పెద్దవి చేశారు. నీళ్ళు తగ్గగానే హెచ్చరించే పరికరాలు అమర్చారు. గ్యాస్కెట్లు మెరుగైనవి వచ్చాయి. సరైన కూలెంటు ఏడాది పొడుగునా ఉండాలనీ, చెయిన్లు 25,000 మైళ్ళకు చప్పుడు వచ్చినా రాకపోయినా మార్చాలనీ నియమం పెట్టుకున్నారు. అంతే. పనికిరాదన్న ఇంజను లక్షణంగా నడిచింది. దాని గొంతు కూడా ప్రత్యేకం. మంద్రంగా, గంభీరంగా పలికే ఆ చప్పుడు రోవర్ ఇంజనుకు లేదని అభిమానులు చెప్పుకుంటారు.

స్వీడనులో జరిగింది కూడా ఇదే. అదే కుటుంబానికి చెందిన నాలుగు సిలిండర్ల ఇంజన్ను సాబ్ వారు మళ్ళీ డిజైను చేసి, లోపాలు సరిదిద్ది, 1972 నుంచి సొంతంగా తయారు చేసుకున్నారు. దాని వారసులు దశాబ్దాల పాటు మంచి పేరుతో నడిచాయి. అంటే విత్తనం చెడ్డది కాదు, సేద్యం చెడ్డది. అమెరికా వదిలేసిన ఇంజన్ను రోవర్ ఎలా బాగుచేసుకుందో, ట్రయంఫ్ ఇంజన్ను కూడా అలాగే బాగుచేసుకోవచ్చు. కంపెనీ చేయవలసిన ఆ పనిని చివరికి కారు కొన్నవారు చేశారు.

ఇప్పుడు పాత కార్ల బజారులో గాలి తిరగబడింది. అసలు ట్రయంఫ్ ఇంజను ఉన్న స్టాగ్‌కే గిరాకీ ఎక్కువ. ఒకప్పుడు రోవర్ ఇంజను పెట్టించుకున్నవారిలో కొందరు మళ్ళీ ట్రయంఫ్ ఇంజను వెతికి పెట్టించుకుంటున్నారు. పాత ఇంజన్ను తుక్కు కింద అమ్మకుండా షెడ్డు మూలన దాచుకున్నవాడు అదృష్టవంతుడు.

ఈ కథకు మన వైపు ఒక విచిత్రమైన కొనసాగింపు ఉంది. హెరాల్డ్ తయారు చేసిన మద్రాసు స్టాండర్డ్ కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారును విడుదల చేసింది. అది ఇంగ్లండులో రోవర్ ఎస్డీ1 పేరుతో 1976లో వచ్చి, మరుసటి సంవత్సరానికి ఐరోపా ఉత్తమ కారు బహుమతి పొందిన కారు. అక్కడ దాన్ని మొదట విడుదల చేసింది మనం చెప్పుకున్న 3,528 సి.సి. రోవర్ వి-8 ఇంజనుతోనే. మద్రాసులో మాత్రం దాన్ని పెట్టలేదు. తమ దగ్గర ఎప్పటినుంచో ఉన్న స్టాండర్డ్ వాన్‌గార్డ్ కాలపు 1,991 సి.సి. నాలుగు సిలిండర్ల ఇంజన్ను దానికి బిగించారు.

ఆ ఇంజన్ను తక్కువ చేయనక్కరలేదు. 1940లలో పుట్టిన ఆ ఇంజను కుటుంబం ఫెర్గూసన్ ట్రాక్టర్లను నడిపింది. 1950లలో ట్రయంఫ్ టీఆర్2 స్పోర్ట్స్ కారును కూడా నడిపింది. సిలిండర్లకు విడి లైనర్లు ఉంటాయి కాబట్టి, అరిగితే బోరు కొట్టించకుండా లైనర్లు లాగేసి కొత్తవి వేసుకోవచ్చు. పల్లెటూరి షెడ్డులోనైనా ప్రాణం పోసుకోగల ఇంజను అది. దోషం ఇంజనుది కాదు, జతది. పందెపు గుర్రం లాంటి ఒంటికి దుక్కిటెద్దు గుండె పెట్టారు. ఖరీదు చూస్తే గొప్పింటి కారు, వేగం చూస్తే మామూలు కారు, పెట్రోలు చూస్తే తాగుబోతు. 1980ల నడుమ మారుతి, కొత్త జపాను ఇంజన్లు రుచి చూపిస్తున్న కాలంలో జనం దాన్ని ఆదరించలేదు. 1988లో దాని తయారీ ఆగిపోయింది. మద్రాసు స్టాండర్డ్ కార్ల చరిత్ర కూడా దానితోనే ముగిసింది. ఎందరో కార్మికుల బతుకు ఆ ఫ్యాక్టరీ మీద ఆధారపడి ఉండేదని మరచిపోరాదు. కోవెంట్రీలో సొంత ఇంజను మీద మోజు ఒక కారును ముంచితే, మద్రాసులో చేతిలో ఉన్న ఇంజనుతో సరిపెట్టుకోవటం ఒక కంపెనీని ముంచింది.

ఇది పాత కాలపు ముచ్చట మాత్రమే కాదు. 1990ల చివర జర్మనీకి చెందిన పోర్షే కంపెనీ బాక్‌స్టర్, 911 కార్లలో నీటితో చల్లబడే కొత్త ఇంజన్లు తెచ్చింది. వాటిలో ఒక మధ్య షాఫ్టును మోసే బేరింగు కొన్ని కార్లలో ముందుగానే పోయేది. అది పోతే టైమింగు తప్పి ఇంజను మొత్తం ధ్వంసం. అమెరికాలో యజమానులు కోర్టుకెక్కారు. 2001 నుంచి 2005 వరకు వచ్చిన మోడళ్ళ విషయంలో 2013లో రాజీ కుదిరింది. అక్కడ కూడా యజమానుల ముందు అవే దారులు: కంపెనీ ఇచ్చే మారు ఇంజను, తుక్కు కొట్టు నుంచి తెచ్చే పాత ఇంజను, విప్పి కట్టించిన ఇంజను. తెలివైనవారు నాలుగో దారి పట్టారు. క్లచ్చు మార్చటానికి ఎలాగూ గేరుబాక్సు దించాలి కదా, అప్పుడే ఆ బేరింగును బలమైనదానితో మార్పించారు. ఇంజను ధరతో పోలిస్తే ఆ ఖర్చు ఎంత? ఇప్పుడైతే పాత స్పోర్ట్స్ కార్లలో ఇంజను పూర్తిగా తీసేసి విద్యుత్ మోటార్లు బిగించేవారూ ఉన్నారు. దారి కొత్తది, ప్రశ్న పాతదే.

మన ప్రాంతపు శ్రోతలకు ఇందులో పనికివచ్చే మాటలు రెండు మూడు ఉన్నాయి. బోరు నీళ్ళలో ఉప్పదనం ఎక్కువగా ఉండే ఊళ్ళు మనవి. దొరికిన నీళ్ళు రేడియేటరులో పోస్తే లోపల సున్నం కట్టి, స్టాగ్‌లో ఇసుక చేసిన పనే చేస్తుంది. కంపెనీ చెప్పిన కూలెంటు కొనటం దండగ ఖర్చు కాదు. ఇంజను వేడెక్కితే నీళ్ళు పోసి మళ్ళీ బయలుదేరటం కాదు, నీళ్ళు ఎక్కడికి పోయాయో చూసుకోవాలి. ఇంజను మార్చవలసి వస్తే, పాతది ఎందుకు పోయిందో తేలకుండా కొత్తది ఎక్కించకండి. రేడియేటరు పూడుకుపోయి ఇంజను పోయిన బండిలో ఎంత మంచి ఇంజను పెట్టినా అదే రేడియేటరు దాన్ని కూడా కాలుస్తుంది. ఇంజను నంబరు ఆర్.సి. పుస్తకంలో ఉంటుంది. మార్పు చేసేముందు రవాణా కార్యాలయంలో అనుమతి సంగతీ, బీమా సంగతీ తేల్చుకోవటం మరవకండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇటువంటి మార్పుల గురించే చెబుతుంది. సరిహద్దు దాటి పక్క రాష్ట్రానికి రోజూ తిరిగే మన బండ్లకు ఇది మరీ ముఖ్యం.

ఒక ఇంజన్ను అమెరికా పారేస్తే రోవర్ చేరదీసింది. ఒక ఇంజన్ను ట్రయంఫ్ గాలికి వదిలేస్తే కారు కొన్నవారే కాపాడుకున్నారు. రెండు చోట్లా ఇంజన్ను నిలబెట్టింది పేరు కాదు, ధర కాదు. రోగం ఎక్కడుందో ఓపికగా వెతికిన చేతులు. ఆ చేతులు ఇంగ్లండులోనే ఉండాలని లేదు. మన ఊరి బస్టాండు పక్క షెడ్డులో, నూనె మరకల చొక్కా వేసుకుని, ఇంజనుకు చెవి ఆనించి వింటున్నవాడి దగ్గర కూడా ఉంటాయి. ఆయన “కాస్త ఆగండి, ముందు కారణం చూద్దాం” అంటే తొందరపెట్టకండి.